వందన సమర్పణ వినగానే కదిలిన జనం: ఒక కళాశాల వార్షికోత్సవ నిర్వహణపై కేస్ స్టడీ

నేపథ్యం

కోస్తా జిల్లాల్లో ఒక పట్టణానికి కొంత దూరంగా, పొలాల మధ్య ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో 2023 నుండి 2025 వరకు వరుసగా మూడేళ్ళు వార్షికోత్సవ నిర్వహణ బాధ్యత నాకు అప్పగించారు. నేను పాఠం చెప్పేది సివిల్ విభాగంలో. కన్వీనర్ పని మాత్రం, చాలా కళాశాలల్లో జరిగినట్టే, స్టాఫ్ మీటింగులో మిగతావారంతా తలలు దించుకున్న సమయంలో నా మీద వచ్చి పడింది. కళాశాలను గాని, అందులోని మనుషులను గాని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. కొలతలను, లెక్కలను మాత్రం దాదాపు ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోదగింది ఏదైనా ఉంటే అది ఆ లెక్కల్లోనే ఉంది.

విద్యార్థులు సుమారు 4,200 మంది. వారిలో 1,100 మంది హాస్టళ్ళలో ఉంటారు, మిగిలినవారిలో ఎక్కువమంది 46 కాలేజీ బస్సుల్లో వచ్చిపోతారు. వేడుక జరిగేది క్రికెట్ మైదానంలో కంచె వేసి వేరుచేసిన భాగంలో. ప్రేక్షకులకు వదిలిన స్థలం 80 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు, అంటే 4,400 చదరపు మీటర్లు. లోపలికి దారి ఒక్కటే. ఆ దారి ఆరు మీటర్ల వెడల్పున్న సిమెంటు రోడ్డు, దానికి ఒక పక్క ప్రహరీ, మరో పక్క వర్క్‌షాపు గోడ. రోడ్డు చివర రెండు రెక్కల ఇనుప గేటు ఉంది. రెండు రెక్కలూ తెరిస్తే 3.6 మీటర్లు వస్తుంది గాని, తనిఖీకి అనుకూలమని ఎప్పుడూ ఒక రెక్కనే తెరిచేవారు.

ఎదురైన సమస్య

2023 మార్చిలో జరిగిన మొదటి కార్యక్రమం అందరికీ తెలిసిన వరసలోనే సాగింది. సాయంత్రం నాలుగింటికి జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, ప్రిన్సిపాల్ నివేదిక, ముఖ్య అతిథి ప్రసంగం, బహుమతి ప్రదానం, సన్మానాలు, వందన సమర్పణ జరిగాయి. ఆ తరువాత ఆరుంబావుకు హైదరాబాదు నుండి వచ్చిన సంగీత బృందం కార్యక్రమం మొదలు కావాలి. సభ జరుగుతున్నంతసేపూ ముందు వరుసల్లో అధ్యాపకులు, బహుమతులు అందుకోవలసినవారు, వారి స్నేహితులు మాత్రమే ఉన్నారు. ముప్పావు గంటలో పదిహేడు శాలువాలు కప్పిన సభకు ఇంతకంటే ఎక్కువమందిని ఆశించడం కూడా న్యాయం కాదు. మిగిలిన మూడు వేల మందీ క్యాంటీన్ దగ్గర, హాస్టల్ వరండాల్లో, నిలిపి ఉన్న బస్సుల్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు.

వక్త మైకు ముందుకు వచ్చి "ఇప్పుడు వందన సమర్పణ" అన్నారు. ప్రాంగణమంతటా స్పీకర్లు ఉన్నాయి గనుక ఆ మాట క్యాంటీనులోకీ, హాస్టల్లోకీ వినబడింది. బడిలో చివరి గంట కొట్టినట్టు అందరూ ఒక్కసారిగా లేచారు. పది నిమిషాల్లో గేటు ముందున్న రోడ్డు నిండిపోయింది. వెనకనుండి వచ్చిన తోపిడికి మూసి ఉన్న రెక్క గొళ్ళెం వంగింది. ఇద్దరు ముగ్గురు మోకాళ్ళ మీద పడ్డారు గాని పక్కవాళ్ళు లాగి నిలబెట్టారు. అది చాలదన్నట్టు, గేటు దీపాలను కూడా స్టేజీ జనరేటరుకే కలపడం వల్ల, మార్పిడి సమయంలో దాదాపు అర నిమిషం అక్కడ చీకటి అలముకుంది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగలలేదు కనుక మరునాటి సమీక్షలో ఈ విషయానికి అయిదు నిమిషాలే కేటాయించాం. "బయటి పిల్లలు చొరబడ్డారు" అని తేల్చుకుని ముగించాం. ఆ వాక్యం మినిట్స్‌లో నా చేతిరాతతోనే ఉంది.

మొదటి ప్రయత్నం, దాని వెనక ఆలోచన

2023 నవంబరు 25న కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రమాదం మా ఆలోచన మీద చాలా ప్రభావం చూపింది. సంగీత కార్యక్రమానికి ముందు, వర్షం పడటంతో జనం బహిరంగ ఆడిటోరియంలోకి ఒక్కసారిగా దూసుకురాగా, గేటు దాటగానే ఉన్న నిటారు మెట్ల మీద పడి నలుగురు మరణించారు. ఆ వార్త చదివిన వారంలోనే మా యాజమాన్యం నన్ను పిలిపించి వచ్చే వార్షికోత్సవానికి పకడ్బందీ ఏర్పాట్లు కావాలని అడిగింది. అడగడం సబబే. కాని ఆ దుర్ఘటన నుండి మేము తీసుకున్న పాఠం, బయటివారిని గేటు దగ్గరే గట్టిగా ఆపాలన్నది. ఆగిన జనం ఎక్కడ ఆగుతారు, ఎంత చోటులో ఆగుతారు, ఏం జరిగితే ఒక్కసారిగా కదులుతారు అన్న ప్రశ్నలు మాలో ఎవరికీ తట్టలేదు.

అందుకని 2024లో బార్‌కోడ్ పాసులు పెట్టాం. విద్యార్థికి ఒకటి, తోబుట్టువుకో స్నేహితుడికో మరొకటి. గేటు దగ్గర సరుగుడు కర్రలు పాతి, కొబ్బరి తాళ్ళు కట్టి నాలుగు వరుసలు చేయించాం. ప్రతి వరుస చివర ఒక వాలంటీరు ఫోనుతో పాసును స్కాన్ చేస్తాడు, పక్కన సెక్యూరిటీ మనిషి గుర్తింపు కార్డు చూస్తాడు. గేటు చుట్టుపక్కలే నలభై మందిని నిలబెట్టాం. కాగితం మీద చూస్తే అంతకంటే కట్టుదిట్టమైన ఏర్పాటు ఉండదు. ఈ పాసుల ఆలోచన పూర్తిగా నాదేనని ఇక్కడ రాయడం అవసరం.

ఎందుకు విఫలమైంది

సాయంత్రం అయిదున్నర వరకు వరుసలు చక్కగానే సాగాయి, ఎందుకంటే వచ్చేవారే లేరు. ఆ ఏడు కూడా సభ ముందు, సంగీతం తరువాత. ఆ ఏడు కూడా వందన సమర్పణ మాట స్పీకర్లలో వినబడింది.

అక్కడినుండి మూడు పనులు ఒకదాని మీద ఒకటి జరిగాయి. మూడు వేల ఫోన్లు ఒకే టవరును పట్టుకోవడంతో నెట్‌వర్క్ పడిపోయి స్కానింగ్ మందగించింది. పాసుల స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో చేతులు మారి, ఒకే పాసుతో ఇద్దరు ముగ్గురు వచ్చారు. మొదటివాడు లోపలికి పోయాక అసలు పాసు గల విద్యార్థినే మా యంత్రం దొంగగా చూపించింది. అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది: వద్దన్న మనిషి వెనక్కి వెళ్ళే దారి లేదు. అతని వెనక వందల మంది ఉన్నారు. అతను అక్కడే నిలబడి వాదిస్తాడు, ఆ వరుస ఆగిపోతుంది, పక్క వరుసలోకి దూరాలని చూస్తాడు, అదీ ఆగిపోతుంది.

ఆరుగంటల ప్రాంతంలో మూడో వరుస తాడు తెగి, కర్రలు ఒరిగాయి. ఒక అమ్మాయి చున్నీ కర్రకు చుట్టుకుని ఆమె పక్కకు పడింది, ఆమె మీద మరో ఇద్దరు పడ్డారు. ఆ అమ్మాయికి ముంజేతి ఎముక విరిగింది. అప్పుడు గేటు వద్ద ఉన్న ఎస్సై గారు మమ్మల్ని అడగకుండానే తనిఖీ ఆపించి రెండు రెక్కలూ తెరిపించారు. జనం ఆరేడు నిమిషాల్లో లోపలికి సర్దుకున్నారు. ఆ నిర్ణయమే ఆ రోజు పెద్ద ప్రమాదాన్ని తప్పించిందని నా అభిప్రాయం. ఆ నిర్ణయం నేను తీసుకోలేదన్నది అంతకంటే గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ రాత్రి ఆస్పత్రిలో అమ్మాయి తండ్రిని కలిశాను. ఆయన ఆర్టీసీలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. కోపంగా మాట్లాడలేదు. కట్టు వేస్తున్నంతసేపు బయట బల్ల మీద కూర్చుని, "గేటు దగ్గర ఎంతమందిని పెట్టారు సార్?" అని అడిగారు. నలభై మందినని చెప్పాను. "మరి వెనకాల?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. "పండగ రద్దీకి మేము బస్సు తలుపు దగ్గర ఆపం సార్. ప్లాట్‌ఫారం మీదికి రాకముందే ఆపుతాం. తలుపు దగ్గర ఆపితే ముందున్నవాడికే తెలుస్తుంది. వెనకవాడికి తెలియదు, వాడు తోస్తూనే ఉంటాడు" అన్నారు. సివిల్ ఇంజనీరింగులో నీటి ప్రవాహం గురించి ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నాకు ఆ మాట ఆయన నోట వినవలసి వచ్చింది.

మళ్ళీ మొదటినుండి లెక్క

వేసవి సెలవుల్లో, రోజువారీ కూలికి తెచ్చుకున్న డ్రోన్ ఫొటోగ్రాఫర్ తీసిన వీడియోను ఆపి ఆపి చూశాను. ఆరుగంటలకు కొద్దిగా ముందు తీసిన ఒక దృశ్యంలో గేటు ముందు రోడ్డు మీద తలలు తప్ప నేల కనిపించడం లేదు. ఆరు మీటర్ల వెడల్పు, దాదాపు యాభై మీటర్ల పొడవు, అంటే 300 చదరపు మీటర్లలో పదిహేను వందల మంది. చదరపు మీటరుకు అయిదుగురు. నిలబడిన జనంలో ఈ సాంద్రత దాటితే ఏ ఒక్కరూ తన ఇష్టం ప్రకారం కదలలేరు, ఒకచోట పుట్టిన తోపిడి అలలా మిగతావారి గుండా పోతుంది. తొక్కిసలాటల్లో చాలామంది కాళ్ళ కింద పడి కాదు, ఛాతీ అదుముకుపోయి ఊపిరాడక చనిపోతారన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అదే దృశ్యంలో గేటుకు లోపలివైపు, వరసలుగా వేసిన ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు మైదానం చివరిదాకా కనిపిస్తున్నాయి. అంటే మాకు చోటు కొరత ఏనాడూ లేదు.

తరువాత గేటు లెక్క వేశాను. స్కానింగు, కార్డు తనిఖీ కలిపి మనిషికి ఆరున్నర సెకన్లు పట్టాయనుకుంటే నాలుగు వరుసల్లో నిమిషానికి దాదాపు 37 మంది లోపలికి వెళతారు. మూడు వేల మందికి 81 నిమిషాలు కావాలి. వచ్చినవారు మాత్రం నలభై నిమిషాల్లో వచ్చారు. వాదనలు, తెగిన తాళ్ళు ఏవీ లేకపోయినా ఆ రోడ్డు మీద పదిహేను వందల మంది మిగిలిపోక తప్పదు. మరోవైపు, స్టేడియాల భద్రతకు బ్రిటన్‌లో వాడే మార్గదర్శకాల ప్రకారం చదునైన దారిలో అడ్డు లేకుండా నడిచే జనం మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది చొప్పున వెళ్ళగలరు. మా గేటు రెండు రెక్కలూ తెరిచి ఉంటే అందులో సగం వేగంతోనైనా నిమిషానికి దాదాపు 150 మంది పోయేవారు. గేటును ఇరుకు చేసింది మా తనిఖీయే. నలభై నిమిషాల్లో మూడు వేల మందిని గేటుకు పంపింది మా కార్యక్రమ పత్రం. రెండు తప్పులూ వేడుకకు నెల రోజుల ముందు ఏసీ గదిలో జరిగాయి, గేటు దగ్గర కాదు.

పనిచేసిన మార్పులు

2025కి మొదట తేల్చవలసింది సభ సంగతి. మా ముందు మూడు దారులు ఉన్నాయి. సంగీతం ముందు పెట్టి సభ తరువాత పెట్టవచ్చు, కాని అప్పుడు ముఖ్య అతిథి ఖాళీ కుర్చీలకు ప్రసంగించవలసి వస్తుంది. సభకు హాజరు తప్పనిసరి చేయవచ్చు, కాని బలవంతాన కూర్చోబెట్టిన రెండు వేల మంది యువకులు ఈలలతో అతిథిని ఎలా సత్కరిస్తారో నా కంటే ముందు కన్వీనరుగా చేసినవారు చూసి ఉన్నారు. మూడోది, సభను అసలు సాయంత్రం నుండే తీసేసి ఉదయం పదింటికి ఆడిటోరియంలో జరపడం. సంగీతం సమయాన్ని ప్రకటించకుండా దాచిపెడదామన్న సూచన కూడా వచ్చింది. మనం ప్రకటించని సమయాన్ని వాట్సాప్ ప్రకటిస్తుంది, అదీ అయిదు రకాలుగా ప్రకటిస్తుంది అన్న కారణంతో దాన్ని తోసిపుచ్చాం.

కరస్పాండెంట్ గారు మూడో దారికి ఒప్పుకోవడానికి రెండు సమావేశాలు పట్టాయి. "జనం లేని సభకు పెద్దవాళ్ళను ఎలా పిలుస్తాం మాస్టారూ?" అన్నది ఆయన అభ్యంతరం, అందులో న్యాయం లేకపోలేదు. బహుమతులు పొందినవారి తల్లిదండ్రులను ఉదయం సభకు ఆహ్వానిద్దామని, వారికి మధ్యాహ్న భోజనం పెడదామని ప్రతిపాదించాక మెత్తబడ్డారు. ఆ ఉదయం తొమ్మిది వందల మంది పట్టే ఆడిటోరియం నిండింది. అతిథి నలభై నిమిషాలు మాట్లాడారు, ఎవరూ లేవలేదు. కూతురికి బంగారు పతకం వేస్తుంటే ఫోను పట్టుకున్న చేయి వణికి, ఫొటో తీయలేక పక్కవాళ్ళకు ఇచ్చిన ఒక తల్లిని చూశాక, ఈ మార్పు భద్రత కోసం కాకపోయినా చేయదగిందేనని అనిపించింది.

సాయంత్రానికి ఇక మిగిలింది వినోదమే గనుక దాన్ని పొడవుగా పరిచాం. మధ్యాహ్నం మూడున్నరకు మైదానం తెరిచి, తినుబండారాల స్టాళ్ళన్నిటినీ కంచె లోపలికి మార్చి, ఆ పూటకు క్యాంటీన్ మూయించాం. నాలుగింటి నుండి విభాగాల మధ్య నృత్య పోటీలు, అయిదున్నరకు విద్యార్థుల బ్యాండు, ఏడింటికి వృత్తి కళాకారుల బృందం. ప్రతి విభాగం తన జట్టును చూడటానికి వేర్వేరు సమయాల్లో వస్తుందని, వచ్చినవారు బజ్జీల దగ్గర ఆగిపోతారని మా అంచనా. అది నిజమైంది. ప్రవేశం వద్ద ఇద్దరేసి విద్యార్థులకు చేతి కౌంటర్లు ఇచ్చి ప్రతి పావుగంటకు లెక్క రాయించాం. ఆ సాయంత్రం అత్యధికంగా ఒక పావుగంటలో వచ్చినవారు 520 మంది.

తనిఖీని గేటు నుండి తీసేశాం. ఆ రోజు ఉదయం రెండో పీరియడ్‌లో క్లాసు టీచరే హాజరు తీసుకుంటూ ప్రతి విద్యార్థి మణికట్టుకు, విప్పితే చిరిగిపోయే రిస్ట్ బ్యాండు అంటించారు. తన క్లాసు పిల్లలను గుర్తుపట్టడంలో ఏ బార్‌కోడూ క్లాసు టీచరుకు సాటిరాదు. గేటు దగ్గర చెయ్యెత్తి నడిచిపోతే చాలు, ఎవరూ ఆగనక్కరలేదు. పూర్వ విద్యార్థులకు, ఇతరులకు నమోదు శిబిరాన్ని గేటుకు మూడు వందల మీటర్ల ముందు, మెయిన్ రోడ్డు పక్క ఖాళీ స్థలంలో వేశాం. వద్దు అని చెప్పే చోట, ఆ మాట విన్న మనిషి వెనక్కి తిరిగి నడవడానికి చోటుండాలన్నది ఆ నిర్ణయం వెనక తర్కం. ఆ ఏడాది జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్న జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిన తరువాత, జనాన్ని మూసిన గేటు వెనక పోగుచేయకూడదన్న మా నియమాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

వర్క్‌షాపు గోడ అవతల కంచె కత్తిరించి 3.4 మీటర్ల రెండో దారి తెరిచాం. వాలంటీర్లలో సగం మందిని గేటు నుండి తీసి రోడ్డు మొదట్లో నిలబెట్టాం. రోడ్డు నిండుతున్నట్టు కనిపిస్తే జనాన్ని రెండో దారికి మళ్ళించడం వారి పని. ప్రవేశ మార్గాల దీపాలకు వేరే జనరేటరు పెట్టించాం.

చివరిది, నాకు అన్నిటికంటే కష్టమనిపించినది, కార్యక్రమాన్ని ఆపే అధికారం. ముందు ఏడు ఎస్సై గారు చేసిన పని మాలో ఎవరు చేయగలిగి ఉండేవారని అడిగితే జవాబు లేదు. ప్రిన్సిపాల్ వేదిక మీద ఉంటారు, కన్వీనరుకు ప్రిన్సిపాల్‌ను అడగకుండా పాట ఆపే ధైర్యం ఉండదు. అందుకని ప్రిన్సిపాల్ సంతకంతో ఒక పేజీ కాగితం తయారుచేశాం. సౌండ్ బల్ల దగ్గర కూర్చునే ఒక సీనియర్ అధ్యాపకుడు ఎవరినీ అడగకుండా సంగీతం ఆపించవచ్చు, మైదానం దీపాలు వేయించవచ్చు. కళాకారుల బృందం కూడా ముందే దాని మీద సంతకం చేసింది. మైకులో ఏం చెప్పాలో కూడా అందులోనే రాశాం. "ముందున్నవారు జాగ్రత్త" అని కాదు, "వెనక ఉన్నవాళ్ళంతా రెండడుగులు వెనక్కి వేయండి" అని. ఒత్తిడి వెనకనుండి వస్తుంది గనుక మాట కూడా వెనకవారికే చెప్పాలి.

ఆ కాగితం ఎనిమిదింబావుకు అవసరమైంది. బాగా పేరున్న పాట మొదలవగానే వేదిక ముందు బారికేడ్ల వద్ద జనం బిగుసుకుపోయారు. మా సహోద్యోగి చెయ్యెత్తారు, పాట సగంలో ఆగింది, దీపాలు వెలిగాయి, గాయని స్వయంగా ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పారు. కాసేపు గోల చేసినా జనం వెనక్కి జరిగారు. ముందు వరుసలో కళ్ళు తిరిగిన ఇద్దరిని బయటికి తెచ్చి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాం. పదకొండు నిమిషాల తరువాత అదే పాట మొదటినుండి పాడారు.

మిగిలిపోయినది

శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం రాత్రి పది తరువాత బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు గనుక తొమ్మిదిన్నరకే ముగించాలని బృందంతో ఒప్పందం చేసుకున్నాం, ముగించాం కూడా. కాని రాకను మూడు గంటల మీద పరచగలిగినట్టు పోకను పరచలేకపోయాం. చివరి పాట అయిపోగానే డే స్కాలర్లంతా సీటు కోసం బస్సుల వైపు పరుగెత్తారు. బస్సులు నిలిచే చోటికి కూడా దారి ఒక్కటే. దూరపు రూట్ల బస్సులను ముందు పంపాలన్న మా ఏర్పాటు, ఏ బస్సు ఎక్కడ నిలిచి ఉందో చీకట్లో పిల్లలకు తెలియక అడ్డం తిరిగింది. అక్కడ ఇరవై అయిదు నిమిషాల పాటు తోపులాట జరిగింది. దెబ్బలు తగలలేదు, అయినా "ఎవరికీ ఏమీ కాలేదు" అని మినిట్స్‌లో రాసి ముగించడం ఈసారి నాకు ఇష్టం లేకపోయింది. కొత్త కన్వీనరుకు ఫైలు అప్పగించేటప్పుడు బస్సుల దగ్గరి డ్రోన్ వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. ఆయన అక్కడే నిలబడి దాన్ని పూర్తిగా చూసి, ఆ దారి వెడల్పు ఎంతని అడిగారు.